తెలియక పలికిన మాట



ఈ శతవార్షికోత్సవ సభలో మాకియ్యబడిన అంశము "మన నోటి మాటలు". దీనిని గూర్చి వేదాంత కళాశాలలో నేర్చుకొన్న దానికంటె, బాల్యమున మేము సిగ్గుపడిన ఒక సంగతి మాకు ఎక్కువ నేర్పినది. దానితోనే ఆరంభింతుము.

మాది ఉద్దానములో కొబ్బరి, జీడి తోటల నడుమ ఒక పల్లె. టెక్కలికిగాని పలాసకుగాని పోవుట ఆ దినములలో మాకు పండుగ. మాకు ఏడేండ్లప్పుడు ఒడిశానుండి ఒక వృద్ధ దైవజనులు మా సంఘమునకు వచ్చుచున్నారని తెలిసినది. వారికి వారి భాషలోనే దండము పెట్టవలెనని మాకు ఆశ కలిగినది. నాయనతో పలాస వెళ్లినప్పుడు, రైలు స్టేషనులో జీడిపప్పు అమ్ము పెద్ద కుర్రవాండ్రను, ఒరియాలో దండమును ఏమందురని అడిగితిమి. వారు నవ్వుకొనుచు ఒక మాట నేర్పిరి. మూడు దినములు దానిని వల్లించితిమి.

ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే, సంఘమంతయు చూచుచుండగా వారి యెదుట చేతులు జోడించి, గట్టిగా ఆ మాట పలికితిమి. ఒరియా తెలిసినవారు తలలు దించుకొనిరి. ఒక ముసలమ్మ "ఓలమ్మో!" అని నోటికి కొంగు అడ్డము పెట్టుకొన్నది. మా అమ్మ పరుగున వచ్చి, "ఏటన్నావురా గుంటడా?" అని వీపుమీద ఒక్కటి వేసినది. ఆ మాట ఈ వేదికమీద చెప్పదగినది కాదు.

ఆ పెద్దలు అమ్మను వారించి, మమ్మును దగ్గరకు పిలిచి, "బాబూ, నీవన్న దానికి అర్థమేమి?" అని తెలుగులోనే అడిగిరి. ఏడ్చుచు "దండమండి" అంటిమి.

"నీ దండము నాకు అందినది. మాట మాత్రము మార్చుకొందము" అని "జుహార్" అను మాట నేర్పిరి. మన జోహారుకు అది చుట్టమే. ఆ పూట మమ్మును ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేసిరి.

ప్రియులారా, మనము హోసన్నా అని పాడుదుము. అది "రక్షించుము" అను మొఱ అని ఎందరము తలంతుము? మార్కు సువార్తికుడు "తలితాకుమీ", "ఎప్ఫతా" అను మాటలను వ్రాసి, వెంటనే వాటి అర్థమునుకూడ వ్రాసెను. నెహెమ్యా 8వ అధ్యాయములో లేవీయులు ధర్మశాస్త్రమును చదువుటతో ఊరకుండక, జనులకు బోధపరచిరి. అర్థము చెప్పుటయు పరిచర్యయే.

పిల్లవాని తప్పు నవ్వులో పోయినది. పెద్దయిన పిమ్మట చేసిన తప్పు అట్లు పోలేదు. మన ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను కూల్చినదో మీరెరుగుదురు. ఎన్నో పరిశోధనలు జరిగినను, దానికి కారణమిదియే అని నేటికిని తేలలేదు. ఆ వ్యాధితో భర్తను పోగొట్టుకొన్న ఒక సహోదరి యింట నిలువబడి, "దేవుని చిత్తమమ్మా" అంటిమి. ఆమె మా ముఖము చూచి, "అయ్యగారూ, ఆ మాటకు అర్థమేటండి?" అని అడిగినది. మాయొద్ద జవాబు లేదు. ఎన్నో యిండ్లలో పలికిన మాటయే. ఒక్కనాడును దాని అర్థము విచారింపలేదు. స్టేషనులో నేర్చిన మాటకంటె ఇదియే ఎక్కువ గాయపరచినది.

నాటినుండి అట్టి యింట మొదట కూర్చుండి విందుము. పలాసలో 2023లో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి రోగులతోకూడ పోవుదుము. "క్రియాటినిన్ పెరిగింది" అని యింటివారు భయముతో చెప్పుకొందురు, అదేమో ఎరుగరు. అది రక్తములోని ఒక వ్యర్థ పదార్థమనియు, మూత్రపిండములు సరిగా వడకట్టనప్పుడు పెరుగుననియు డాక్టరుగారిని అడిగి తెలిసికొని, వారికి చెప్పుదుము. అర్థము తెలిసిన భయము మోయుటకు కొంత తేలిక.

కాబట్టి, సండే స్కూలులో పిల్లలు "దీనికి అర్థమేమి?" అని అడిగినప్పుడు గద్దింపకుడి. మనకు తెలియనిచో, తెలియదని ఒప్పుకొని, వారితో కలిసి వెదకుదము. తెలియక తప్పు పలికినవానిని, ఆ పెద్దలవలె, మన ప్రక్కన కూర్చుండబెట్టుకొందము.

ఆమేన్. అనగా, అట్లే జరుగును గాక.