మూత్రపిండం చెడితే ఎముక ఎందుకు గుల్లబారుతుంది?



డయాలసిస్ అనగానే మనకు స్ఫురించేది రక్తశుద్ధి, క్రియాటినిన్ అంకె. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల నుంచి తిరుపతి స్విమ్స్‌కో, వేలూరుకో వెళ్ళివచ్చే కుటుంబాలతో నేడు మేము మాట్లాడదలచినది ఎముకల గురించి.

ఆరోగ్యవంతమైన మూత్రపిండాలు అధిక భాస్వరాన్ని మూత్రం ద్వారా వెలుపలికి పంపుతాయి. విటమిన్ డిని శరీరానికి పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. అవి దెబ్బతిన్నప్పుడు భాస్వరం రక్తంలో పేరుకుంటుంది. విటమిన్ డి కొరవడి, ఆహారంలోని కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు. ఆ లోటు పూడ్చడానికి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పి.టి.హెచ్. అనే హార్మోనును అధికంగా స్రవించి, ఎముకలలోని కాల్షియంను లాగుతాయి. రక్తపరీక్షలో కాల్షియం సక్రమంగానే కనిపించవచ్చు. లోపల ఎముక గుల్లబారుతూనే ఉంటుంది. కాల్షియం, భాస్వరం రక్తనాళాల గోడలలో చేరి గుండెకూ ముప్పు తెస్తాయి.

అందువల్లనే కె.డి.ఐ.జి.ఓ. అనే అంతర్జాతీయ నిపుణుల సంస్థ 2009 నాటి మార్గదర్శకాలలో కాల్షియం, భాస్వరం, పి.టి.హెచ్., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలను వ్యాధి మూడవ దశ నుంచే మొదలుపెట్టమన్నది. పెద్దలలో భాస్వరం డెసిలీటరుకు సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల వరకు ఉండటం సాధారణం.

నాలుగు గంటల డయాలసిస్ భాస్వరాన్ని పూర్తిగా తొలగించలేదు. దానిని పట్టివుంచే మాత్రలను భోజనంతోపాటే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ప్రయోజనం స్వల్పం. కోలా పానీయాలు, ఫాస్ఫేట్ లవణాలు కలిపిన ప్యాకెట్ తిండ్లు, కలేజీ, భేజా వంటివి భాస్వరాన్ని పెంచుతాయి. ఎముకలకు బలమని పాయా తాగించడం ఈ వ్యాధికి చికిత్స కాదు. కాల్షియం మాత్రలను సొంతంగా కొని వాడటం ప్రమాదకరం. రోజా విషయంలో వ్యాధిగ్రస్తులకు మన ధర్మమే సడలింపునిచ్చింది. వైద్యుణ్ణి సంప్రదించకుండా మందుల వేళలు మార్చరాదు.

డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అది అవసరమే. అయితే పరీక్షలకూ మాత్రలకూ ఆ సొమ్మే కరిగిపోతే ఇల్లు గడిచేదెట్లా? ప్రతి డయాలసిస్ కేంద్రంలోను ఇవి ఉచితంగా అందాలని మేము కోరుతున్నాము. ఉర్దూ 2022లో రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. కనుక ఫలితాలను తెలుగులోను, ఉర్దూలోను వివరించాలని అడగటం న్యాయమే.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి: నా భాస్వరం ఎంత? నా పి.టి.హెచ్. ఎంత? తన ఒంటి సంగతి తాను తెలుసుకోవడం రోగి హక్కు.