వోల్టు, ఆంపియరు, కాలిన మోటారు

(ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో విద్యార్థులు, రైతులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు అమరులయ్యారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రేటు మీద పోరాటం మనందరికీ తెలిసిందే. ఇవాళ వోల్టేజి సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే కరెంటు ఉచితమే గాని, కాలిన మోటారుకు రివైండింగ్ ఉచితం కాదు. మోటారు పైకి తీయించాలి, షాపుకు మోయాలి, మళ్ళీ దింపాలి. ఈలోగా మడి నెర్రెలిస్తుంది. వెళ్ళి అడిగితే, "మీ మోటారే బాగాలేదు" అనే జవాబు వస్తుంది. ఆ మాటకు బదులు చెప్పాలంటే మన చేతిలో లెక్క ఉండాలి.

లెక్క పెద్దదేమీ కాదు. ఓమ్ అనే జర్మన్ బడిపంతులు 1827లో అచ్చువేసిన సూత్రమే, మన పిల్లల హైస్కూలు పుస్తకాల్లో ఉన్నదే. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, ఓముల్లో వస్తుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవర్, వాట్లలో వస్తుంది. ట్యాంకు ఎత్తును వోల్టేజి అనుకోండి, పైపులో పారే నీళ్ళను ఆంపియర్లు అనుకోండి. పైపు ఎంత సన్నగా ఉంటే నిరోధం అంత ఎక్కువ.

ఈ క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాటి ఉప్పల్ వైపు పోతే హబ్సిగూడలో భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. ఎన్.జి.ఆర్.ఐ. అంటారే, అదే. 1961లో పెట్టారు. భూగర్భ జలాల కోసం శాస్త్రవేత్తలు చేసే సర్వేలో కూడా ఈ భాగహారమే ఉంది. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా నేలలో దించి, బయటి రెండింటి గుండా కరెంటు పంపుతారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. భాగిస్తే నేల నిరోధం తేలుతుంది, కడ్డీల మధ్య దూరాన్ని బట్టి దాన్ని సవరించుకుంటారు. ఎండు గట్టి రాయి కరెంటును బాగా అడ్డుకుంటుంది, నీరు పట్టిన మెత్తరాయి అంతగా అడ్డుకోదు. బంకమట్టి కూడా తక్కువే చూపిస్తుంది కనుక ఇది నూటికి నూరుపాళ్ళు నమ్మకం కాదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చెప్పేదానికంటే మాత్రం చాలా నయం.

ఇక మోటారు దగ్గరికి వద్దాం. ముందు తార్నాకలో అద్దె గదుల్లో ఉండే విద్యార్థులకు తెలిసిన నీళ్ళ హీటరు చూడండి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల హీటరు 4.35 ఆంపియర్లు లాగుతుంది. భాగిస్తే సుమారు 53 ఓములు. వోల్టేజి 180కి పడితే 3.4 ఆంపియర్లే పారతాయి, పవర్ 612 వాట్లకు దిగుతుంది. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, అంతే. హీటరుకు ఏమీ కాదు.

మోటారు అలా కాదు. వోల్టేజి తగ్గితే ఆంపియర్లూ తగ్గాలి కదా అని చాలామంది అడుగుతారు. బోరులోంచి ఎత్తవలసిన నీటి బరువు తగ్గలేదు కదా! ఆ లోటును మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి పూడ్చుకుంటుంది. 5 హెచ్.పి. అంటే 3,730 వాట్లు. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే లైను నుంచి సుమారు 4,660 వాట్లు తీసుకోవాలి. త్రీఫేజ్ గనుక వోల్టులను 1.732తో, పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణించి, వచ్చినదానితో భాగించాలి. 415 వోల్టుల దగ్గర 8.1 ఆంపియర్లు వస్తాయి. 320 వోల్టుల దగ్గర 10.5. వైండింగులో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10.5ను 8.1తో భాగించి వర్గం చేయండి, దాదాపు 1.7 వస్తుంది. అంటే వేడి 70 శాతం ఎక్కువ. మోటారు కాలేది ఇందుకే.

ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఇదే లెక్క. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు 35 ఆంపియర్లు ఇవ్వగలదు. 8.1 చొప్పున నాలుగు మోటార్లకు సరి. ఏడెనిమిది మోటార్లు తగిలిస్తే వోల్టేజి పడుతుంది, ఒక్కొక్కటి 10.5 లాగడం మొదలుపెడుతుంది, అప్పుడు మూడు మోటార్లకే నిండిపోతుంది. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే పరిస్థితి ఇంకా ఘోరం.

మన వైపు నుంచి పోయేదీ ఉంది. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు 300 మీటర్లు లాగితే ఒక్కో వైరుకు సుమారు 2.1 ఓముల నిరోధం. 10 ఆంపియర్లు పారితే ఫేజుకూ ఫేజుకూ మధ్య 36 వోల్టులు అక్కడే పోతాయి, మూడు వైర్లలో 630 వాట్లు వేడిగా కరిగిపోతాయి. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 15 వోల్టులతో, 250 వాట్లతో సరిపోతుంది. నల్లబడ్డ జాయింటు దగ్గర నిరోధం పెరిగిందనే అర్థం.

అందుకే వోల్టేజిని రెండు చోట్ల కొలవాలి: స్తంభం నుంచి మన వైరు మొదలయ్యే చోట, స్టార్టర్ దగ్గర. మొదటి చోటే తక్కువ ఉంటే ఆ లోపం మనది కాదు. నిబంధన ప్రకారం ఈ లైన్లలో తేడా 6 శాతం మించకూడదు, అంటే 415కు 390 కంటే దిగకూడదు. స్తంభం దగ్గరి కొలత లైన్‌మన్ చేతే తీయించండి. ఫీజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆంపియర్లకు టాంగ్ టెస్టర్ ఉంది. వైరు కోయనక్కర్లేదు, ఒక్క వైరు చుట్టూ తగిలిస్తే చాలు. తడి చేతులతో స్టార్టర్ డబ్బా తెరవొద్దు.

ఊరికొక టాంగ్ టెస్టర్ సంఘం తరఫున కొనుక్కుందాం. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లు ఉన్నాయో, ఏ తేదీన ఏ గంటకు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో నోటుబుక్కులో రాద్దాం. వోల్టేజి ఫిర్యాదులకు నియంత్రణ మండలి గడువులు పెట్టింది, గడువు దాటితే పరిహారం అడగవచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆ నోటుబుక్కు పట్టుకుని అక్కడికి పోదాం. లెక్క వేయడంలో తోడుకు ఈ క్యాంపస్ ఇంజినీరింగ్ విద్యార్థులు సెలవుల్లో ఊళ్ళకు వస్తే, భోజనం మా ఇళ్ళలోనే.