జమలిక మోగిన వీధి



అధ్యక్షస్థానంలో కూర్చున్నవాడు గంభీరమైన విషయమే ఎత్తుకోవాలని మన సభల ఆచారం. నేను మాత్రం ఇవాళ ఒక వేళాకోళపు రూపకాన్ని వెంటబెట్టుకుని వచ్చాను. పెద్దలు మన్నించాలి. అది వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ‘క్రీడాభిరామము’. శ్రీనాథుడిదేనని వాదించినవారూ ఉన్నారు. ఆ తగువు నేటి పని కాదు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం.

కథంటూ పెద్దగా లేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధాని ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కంటబడిన ప్రతిదాని మీదా ఒక మాట విసురుతారు. దశరూపకాల్లో దీన్ని వీథి అంటారు. దాని లక్షణం చెప్పినవారిలో మన రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడూ ఉన్నాడు. ‘రసార్ణవసుధాకరం’ మూడో విలాసమంతా రూపకాల ముచ్చటే. ఒకరిద్దరు నటులు చాలు, మిగతా జనాన్ని ఆకాశభాషితంతో, అంటే కనబడని మనిషితో మాట్లాడినట్టు నటించి, పుట్టించుకోవచ్చు. ఖర్చు తక్కువ నాటకం!

అయితే ఇందులోని హాస్యం ఇవాళ మనకు సగమే అందుతున్నది. టిట్టిభం అంటే తీతువు పిట్ట అని తెలియకపోతే సెట్టిగారి పేరుకు నవ్వు రాదు. మాచల్దేవి కాకతీయ ప్రతాపరుద్రుడి ఆదరం పొందిన వేశ్య అని తెలియకపోతే, ఆమె చిత్రశాల గోడల మీద పురాణాల్లోని శృంగారఘట్టాలు ఎందుకున్నాయో, అవి చూసి ఈ మిత్రులు ఎందుకు మురిసిపోతున్నారో పట్టుబడదు. పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు మేలిరకం అన్నం, గోధుమ పిండివంట, పప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు. ఈ జాబితా చదివి నోరూరించుకోవడంతోనే మనం ఆగిపోతాం. ఊరుగాని ఊరు వచ్చినవాడికి దుడ్డు ఇస్తే అన్నం దొరికే నగరం ఒకటి ఉండేదన్న సంగతి ఆ పెరుగు కింద దాగి ఉన్నది.

నిఘంటువులు చేతులెత్తేసే చోటు ఇంకోటి ఉంది. ఏకవీరాదేవి ఎదుట జమలిక మోగుతుంటే బవనీలనే పాటగాళ్లు పరశురాముడి కథ పాడతారు. జమలిక అంటే వాద్యవిశేషం అని రాసి ఊరుకుంటారు నిఘంటుకారులు. ఏకవీర అంటే పరశురాముడి తల్లి రేణుక, మన ఊళ్ల ఎల్లమ్మ. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎల్లమ్మ కొలుపు చూసినవారికి బైండ్లవారి చేతిలోని జమిడిక చెప్పకుండానే గుర్తుకొస్తుంది. పేరు కాస్త అరిగింది. తల్లి అదే, కొడుకు అతడే, కథ అదే. ఆరువందల ఏళ్ల నాటి పద్యానికి టీక మన ఊరి గుడి ముందర కూర్చుని ఉంటే, మనం తంజావూరు తాళపత్రాల్లో వెతుకుతున్నాం.

ఈ తోవ మనకు చూపిన మనిషి పాలమూరు బిడ్డే. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో అచ్చయిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల వంశావళిని పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగారు. కాకతీయుల నాటి సంగతులకు ఆయన మాటిమాటికీ తలుపు తట్టింది క్రీడాభిరామాన్నే. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది. అప్పటికి రచయిత లేరు.

ఆయన మీద ఎంత గౌరవమున్నా నాదొక చిన్న పేచీ. ఓరుగల్లు 1323లో పడింది. మూలం ఎప్పటిదైనా, ఈ తెలుగు రూపకం ఆ పతనం తరవాతిది. లేని నగరాన్ని ఉన్నట్టుగా నడిపిస్తున్నాడు కవి. పైగా నవ్వించడం ఆ కవి వృత్తి. నవ్వించేవాడు పది కోళ్లు పోట్లాడితే వంద అంటాడు. కాబట్టి దీన్ని పట్వారీ లెక్కలా చదవకూడదు. వస్తువులనూ పేర్లనూ నమ్మవచ్చు, కొలతలను మాత్రం కాస్త తగ్గించుకోవాలి.

మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల తెలుగు పరిశోధకులకు ఒక మనవి. వచ్చే ఎల్లమ్మ కొలుపుకు క్రీడాభిరామం సంచిలో పెట్టుకుని పోండి. బైండ్లవారి కథను మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి. పాడినవారి పేరు మీ పేరు కన్నా ముందు రాయండి, వారి కూలి వారికివ్వండి. ఆ తరవాతే టీక మొదలుపెట్టండి.