పొగ మాన్పించు నికోటిన్



స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగిన తరువాత దగ్గకూడదు. మా వృత్తిలో మొదట నేర్పు పాఠము ఇదియే. ఇరువది సంవత్సరములు సిగరెట్లు కాల్చిన నాకు ఒకనాటి ఉదయ ప్రసారమున వాక్యము మధ్యలో దగ్గు వచ్చినది, వచ్చినది ఆగలేదు. అవతలి గదిలోనున్న మిత్రుడు చప్పున వీణావాద్యము వినిపించి నా పరువు కాపాడినాడు. బయటకు వచ్చిన పిమ్మట మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "ఇకనైనా ఆ దిక్కుమాలినదాన్ని మానెయ్యకూడదటండీ?" అని మాత్రము అన్నాడు.

ఆ సాయంకాలమే మందుల దుకాణమునకు పోయి నికోటిన్ గమ్ కొన్నాను. పిల్లలు తీపి గమ్మును నమిలినట్లు ఆ బిళ్ళను గబగబ నమిలి, ఊరిన రసమంతయు మ్రింగి, పైన వేడివేడి కాఫీ త్రాగినాను. పది నిమిషములలో వెక్కిళ్ళు, గుండెలలో మంట, కడుపులో వికారము. పెట్టెను చెత్తబుట్టలో పారవేసి, వీథి చివరకు పోయి సిగరెట్టు వెలిగించినాను. తరువాత రెండేండ్లపాటు "ఆ బిళ్ళలన్నీ వట్టి మోసమయ్యా" అని కనబడినవారికెల్ల చెప్పినాను. చివరకు ఒక వైద్యులు నా కథను సాంతము విని ఒకే ప్రశ్న వేసినారు: "ఎలా నమిలారండీ?" చెప్పినాను. ఆయన నవ్వినారు. తప్పు నా దవడలదే.

ఈ మందును వాడి "పనిచేయలేదు" అనువారిలో నావంటివారు పెక్కుమంది ఉన్నారని నా అనుమానము. అందుచేతనే ఈ ప్రసంగము.

సిగరెట్టు పొగలో వేలకొలది రసాయన పదార్థములు కలవు. మనిషిని అలవాటునకు కట్టివేయునది నికోటిన్. ఊపిరితిత్తులను, గుండెను పాడుచేయునవి ప్రధానముగా తారు, కార్బన్ మోనాక్సైడ్ మున్నగునవి. కట్టివేసిన త్రాడు వేరు, కొట్టుచున్న కఱ్ఱ వేరు. కఱ్ఱను ముందు అవతల పారవేసి, త్రాటిని తరువాత నెమ్మదిగా విప్పుటయే ఈ చికిత్స.

నెమ్మదిగా అనుటకు కారణమున్నది. పొగ పీల్చిన 10 మొదలు 20 సెకండ్లలోపున నికోటిన్ మెదడును చేరును. ఆ వేగమే వ్యసనమునకు మూలము. సుమారు 2 గంటలలో రక్తమునందలి నికోటిన్ సగమునకు దిగును. శరీరము మరల అడుగును. రాత్రి నిద్రలో నిలువ తరిగిపోవుటచేతనే తెల్లవారగానే చేయి పెట్టెకొఱకు తడుముకొనును. గమ్ నుండి నికోటిన్ బుగ్గ లోపలి పొరగుండా మెల్లగా ఇంకి, 20, 30 నిమిషములకుగాని పూర్తిగా అందదు. అందినప్పుడైనను సిగరెట్టు ఇచ్చునంత ఇవ్వదు. శరీరపు ఆరాటము తగ్గును. పొగ ఇచ్చు ఆ కుదుపు మాత్రము ఉండదు.

ఈ ఆలోచనకు నీటి అడుగున బీజము పడినది. 1967లో స్వీడన్ దేశమున లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్లాస్ లుండ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞుడు, హెల్సింగ్‌బోర్గ్‌లో లియో అను ఔషధ సంస్థయందు పనిచేయు ఓవె ఫెర్నో అను మిత్రునకు ఒక సంగతి వ్రాసినాడు. జలాంతర్గాములలో పొగత్రాగుటకు వీలులేని నావికులు నోటిలో నుంచుకొను పొగాకుతో కాలము గడపుచున్నారట. పొగ లేకుండ నికోటిన్ ఒక్కటే ఇచ్చిన చాలును గదా అని ఫెర్నోకు తోచినది. నికోటిన్‌ను ఒక రెసిన్‌తో బంధించి, నమిలినకొలది కొద్దికొద్దిగా విడివడునట్లు చేసినాడు. ఈ బిళ్ళకు 1978లో స్విట్జర్లాండులోను, 1984లో అమెరికాలోను అనుమతి లభించినది.

చర్మముపై అంటించు పట్టీ, అనగా ప్యాచ్, కథ మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి సులువుగా బోధపడును. తడిసిన పచ్చి పొగాకును చేతులతో ముట్టుచు పనిచేయు కూలీలకు తలతిప్పు, వాంతులు కలుగుట కద్దు. ఆకునందలి నికోటిన్ చర్మముగుండా రక్తములోనికి దిగుటయే దానికి కారణము. అమెరికా పొగాకు తోటలలోని ఇటువంటి జబ్బును గమనించియే లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు మర్రే జార్విక్, ఆ దారినే కొలత ప్రకారము మందుగా వాడవచ్చునని యోచించినాడు. కూలివాని కష్టము ఇంకొకరికి ఔషధమైనది.

ఇక వాడుక. లేచిన 30 నిమిషములలోపున తొలి సిగరెట్టు వెలిగించువారికి 4 మిల్లీగ్రాముల గమ్, అంతకంటె ఆలస్యముగా వెలిగించువారికి 2 మిల్లీగ్రాములది అని సాధారణ నియమము. బిళ్ళను మెల్లగా నమలవలెను. నాలుకపై కారము వంటి చుఱుకు తగులగానే నమలుట ఆపి, బుగ్గకును చిగురుకును మధ్య దాచవలెను. చుఱుకు తగ్గిన పిమ్మట మరల నమలి, ఈసారి రెండవ వైపున దాచవలెను. ఇట్లు సుమారు అరగంట. రసమును మ్రింగినచో నికోటిన్ కడుపులోనికి పోయి నాకైనట్లే అగును, ప్రయోజనము స్వల్పము. ఆమ్లముండు నోటిలో నికోటిన్ ఇంకదు. కావున కాఫీ, నిమ్మరసము, సోడాల వంటివి నమలుటకు 15 నిమిషములు ముందుగాని, నమలునప్పుడుగాని పుచ్చుకొనరాదు.

రెండవ పొరపాటు పిసినారితనము. "ఇదియు నికోటినే గదా" అని భయపడి దినమునకు రెండు మూడు బిళ్ళలతో సరిపెట్టి, సాయంకాలమునకు ఓడిపోవుదురు. మొదటి 6 వారములు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వాడి, తరువాత వ్యవధి పెంచుచు, మొత్తము 12 వారములకు ముగించుట పద్ధతి. దినమునకు 24 మించరాదు. నాకు వైద్యులు పట్టీని, గమ్మును కలిపి ఇచ్చినారు: ఉదయము స్నానానంతరము భుజముపై 21 మిల్లీగ్రాముల పట్టీ, దానిని మించి మనసు లాగినప్పుడు గమ్. వారములు గడచినకొలది పట్టీ 14కు, 7కు దిగినది. రెంటిని కలిపి వాడుట ఒక్కదానిని వాడుటకంటె మేలని పరిశోధనలు తేల్చినవి. రాత్రియు పట్టీ ఉంచుకొన్నచో కొందరికి చిత్రమైన కలలు వచ్చును. ఒకనాటి కలలో నేను రైలు పెట్టెనే నమిలినాను. అటువంటివారు పడుకొనుటకు ముందు తీసివేయవచ్చును. పట్టీ చోటును దినదినము మార్చవలెను; వాడిన పట్టీలను, బిళ్ళలను పసివాండ్రకు అందనీయరాదు. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు వైద్యుని అడుగక వాడరాదు.

ఇది మంత్రము కాదని కూడ చెప్పవలెను. ఊరక మానినవారితో పోల్చగా, ఈ మందు వాడినవారిలో గెలుచువారి సంఖ్య నూటికి 50 మొదలు 60 వంతులు పెరుగునని విస్తృత పరిశోధనల సారాంశము. సాయము లేక గెలుచువారే కొద్దిమంది గనుక, మందు వాడినను మొదటిసారి ఓడువారే ఎక్కువ. ఈ లెక్కలు ముఖ్యముగా సిగరెట్లు కాల్చువారిని పరిశీలించి వేసినవి. చుట్ట, బీడీ, ఖైనీ వాడువారు మోతాదును వైద్యునితో ముచ్చటించి నిర్ణయించుకొనుట మేలు. మందును ఎరుగక ఎలక్ట్రానిక్ సిగరెట్టుకై వెదకువారు కూడ కలరు. దాని అమ్మకము మన దేశమున 2019లోనే నిషేధింపబడినది.

ఇంటనున్న తల్లులకు, అక్కలకు ఒక మాట. మానిన తొలి రెండు మూడు వారములు ఆ మనిషి చిటపటలాడును. ఉప్పు తక్కువైనదని కంచము నెట్టివేయును. మరొక చిత్రము: పొగ మానినవానికి కాఫీ ఎక్కువగా ఎక్కును. పొగలోని కొన్ని పదార్థములు కాఫీలోని కెఫీన్‌ను శరీరము త్వరగా కరిగించుకొనునట్లు చేయుచుండును. పొగ పోగానే అదే కాఫీ రెట్టింపు బలముతో పనిచేసి, చేతులు వణకించి, నిద్ర చెఱచును. దానిని నికోటిన్ కొఱత అనుకొని మరల సిగరెట్టుకు పోవువారున్నారు. కాఫీ గ్లాసును సగము చేసి చూడుడు. మా ఇంట ఆ పని నాకు చెప్పకుండనే జరిగినదట; నెల దాటిన తరువాత గాని నాకు తెలియలేదు.

12వ వారము ముగిసినను చాలకాలము ఒక బిళ్ళను చొక్కా జేబులో నుంచుకొనియే తిరిగినాను. వాడుటకు కాదు, ఉన్నదను ధైర్యమునకు. మొన్న బట్టలు ఉతుకుచుండగా తడిసి ముద్దయిన బిళ్ళ ఒకటి దొరికినదని నా భార్య తెచ్చి చూపినది. అది ఎప్పటిదో నాకు జ్ఞాపకము రాలేదు.

మానదలచినవారికి సలహా చెప్పుటకై కేంద్రప్రభుత్వము 2016లో ఉచిత టెలిఫోను సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 1800 11 2356. కాగితము, కలము దగ్గరలేనివారి కొఱకు మరల చెప్పుచున్నాను: 1800 11 2356. సెలవు.