ఒక చిఠ్ఠా – రెండు పద్దులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాసము)



బ్రిటిషువారి పాలనను నిందించుట సులభము. వారి న్యాయమును పొగడుటయు సులభమే. కాని జమ ఒక పుస్తకమునను, ఖర్చు వేఱొక పుస్తకమునను దాచిన లెక్క లెక్క కాదు. రెండును ఒక్క చిఠ్ఠాలో వ్రాసిననే నిలువ తేలును.

మొదట జమ. 1215లో ఇంగ్లండు రాజు జాన్ ముద్ర వేసి యిచ్చిన మాగ్నాకార్టా, రాజు సైతము చట్టమునకు లోబడవలెనని చాటినది. ఒకనిని నిర్బంధించిన అధికారి న్యాయస్థానమున కారణము చూపవలెనను నియమమును 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టము గట్టిపఱచినది. 1892లో లండనులోని సెంట్రల్ ఫిన్స్‌బరీ ఓటర్లు దాదాభాయి నౌరోజీని అయిదే ఓట్ల ఆధిక్యముతో పార్లమెంటునకు పంపిరి. తరువాత లండనులో బారిష్టరు పరీక్షకు చదువుచుండిన టంగుటూరి ప్రకాశము ఆ నౌరోజీ ఎన్నికకై పనిచేసెను. 1972లో ఒంగోలు జిల్లాకు పెట్టబడిన పేరు ఈ ప్రకాశముగారిదే.

ఇక ఖర్చు. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో 'విపరీత బుద్ధి' యను వ్యాసము ప్రకటించెను. దానికి ఫలము రాజద్రోహ నేరము, మూడేండ్ల కారాగారము. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమన్ కమిషను భారతదేశమున కాలు మోపినది. సభ్యులు ఏడుగురు, భారతీయుడు ఒక్కడును లేడు. ఆనాడు చెన్నపురిలో నిరసన తెలుపుచు ప్రకాశము తుపాకులకు ఱొమ్ము చూపెను. లండనులో ఓట్లడుగుటకు అడ్డు లేని మనుష్యునికి చెన్నపురి వీధిలో తుపాకి అడ్డము! ఏలిక ఒకడే, నీతులు రెండు.

నౌరోజీ ఈ మర్మమును గుర్తించెను. 1901లో తాను ప్రకటించిన గ్రంథమునకు పెట్టిన పేరులోనే, భారతదేశమందలి పాలన బ్రిటిషు పేరునకు తగనిదని చెప్పెను. ఆయన వారి జాతిని ద్వేషింపలేదు. వారు తమను గూర్చి చెప్పుకొన్న గొప్పతోనే వారిని తూచెను. జాతి గౌరవము జెండాలో లేదు, కీర్తనలో లేదు. ఎదురు చెప్పినవానిని ఆ జాతి చూచు తీరులో నున్నది.

ఈ తూనిక మనకును వర్తించును. 1950 నాటి రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యమును, 32, 226 అధికరణములందు న్యాయస్థానముల రక్షణను ఒసగినది. ఐనను 1870లో తెల్లవారు చేర్చిన రాజద్రోహపు సెక్షను స్వరాజ్యమునందును నిలిచినది. ఇంగ్లండు తన దేశమున ఆ నేరమును 2009 నాటి చట్టముతో తొలగించుకొన్నది. ఇచ్చట 2022లో సుప్రీముకోర్టు దాని అమలును ఆపినది. 2024 జూలై 1 నుండి క్రొత్త న్యాయసంహిత వచ్చినది. పాత పేరు పోయినది. దేశ సమైక్యతకు హాని యను నేరము 152వ సెక్షనుగా నున్నది. దేశమును రక్షించు చట్టము ఉండవలసినదే. అది విమర్శకుని మీదికి పోకుండ కాచుట ప్రజల పని.

ఆ పని గ్రామమునందే మొదలు కావలెను. గ్రామసభలో లెక్క అడిగినవానిని ఊరిద్రోహి యనుట కూడ తెల్లవారి పద్దే. వ్రాసినందులకు చెఱకేగిన హరిసర్వోత్తమరావు, పిమ్మట గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమును ధారపోసెను. చదువనేర్చిన జనమును మాటతో ఒప్పింపవలెనే గాని బెదరించుట కష్టమని ఆ జీవితము తెలుపుచున్నది.

కావున ఈ గ్రంథాలయపు బల్లపై పాలకపక్షపు పత్రికయు, ప్రతిపక్షపు పత్రికయు ప్రక్కప్రక్కన ఉండుగాక. నచ్చని పత్రికను దాచివేయని పాఠకుడే స్వాతంత్ర్యమునకు నిజమైన కాపరి.