ఎముకయు మృదులాస్థియు
ఎముకను పలుచని రేకుగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచినచో, కోసిన మానులోని వలయములవంటివి గుంపులు గుంపులుగా కనబడును. ప్రతి గుంపు నడుమ రక్తనాళము సాగు సన్నని కాలువ యుండును. వీనిని 1691లో వర్ణించిన క్లాప్టన్ హావర్స్ పేరనే ఇవి హావర్స్ నాళములైనవి. వలయముల సందులలో సజీవ కణములు గలవు. రక్తము అందుచున్నది గనుకనే విరిగిన ఎముక అతుకుకొనును.

కీళ్లలోని మృదులాస్థికి ఆ భాగ్యము లేదు. అందు రక్తనాళములే లేవు. నీటిలో పిండి వదలిన గుడ్డవలె, నొక్కినపుడు అణగి, వదలినపుడు ఉబ్బుచు, అది కీలులోని ద్రవమునుండి ఆహారము పీల్చుకొనును. సిరిసిల్ల మరమగ్గముల కడ గంటలకొలది నిలుచువారికిని, జగిత్యాల, కోరుట్లలలో కదలక కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీలకును ఈ పీల్చుట సన్నగిల్లును. పైపూత నూనెలు నొప్పిని కాస్త మరపించునేమో గాని, అరుగుదలను పూడ్చవు. నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేసినను, మోకాలు చాచి ముడిచినను దానికి ఆహారము అందును.