చుట్టుగళ్ళలో గుఱ్ఱపు నడక

(ముప్కాల్ గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



చదరంగపు గుఱ్ఱము నడకపై మన పూర్వులకు మక్కువ మెండు. తొమ్మిదవ శతాబ్దమున రుద్రటుడు కావ్యాలంకారమున తురగపదబంధమును చూపెను. వేదాంతదేశికులు పాదుకాసహస్రమున ఒక శ్లోకములోని 32 అక్షరములను గుఱ్ఱపు గతిలో చదివినచో వేరొక శ్లోకమగునట్లు కూర్చిరి. అచ్చట గళ్ళు 32 మాత్రమే. గళ్ళకు అంతమే లేనిచో ఏమగును?

నేలపై గళ్ళు గీసి నడుమ 1 వేయవలెను. దాని కుడివైపున 2, పైన 3, ఎడమకు 4, 5, క్రిందికి 6, 7, కుడికి 8, 9, 10. ఇట్లు చుట్టు చుట్టుగా పోవలెను. పావును 1 పై నిలిపి, త్రొక్కని గళ్ళలో అందినంతలో చిన్న అంకె గల గడికే నడుపవలెను. ఇదియే నియమము.

రాజు ఒక్క గడియే కదలును. చుట్టులో తరువాతి అంకె ఎల్లప్పుడును ప్రక్కగడియందే యుండును. కావున అతడు 1, 2, 3 అని వరుసగా సాగును. ఏ అంకెయు తప్పదు, ఏదియు రెండుమార్లు రాదు. సంఖ్యలన్నియు ఒక్కొక్కమారే వచ్చు కూర్పును ప్రస్తారమందురు.

గుఱ్ఱమో, 1, 10, 3, 6, 9, 4, 7, 2, 5, 8 అని దుముకును. చూడుడు, పది అడుగులలో మొదటి పది అంకెలును ముగిసినవి! ఇదియు ప్రస్తారమే యగునని ఎవరికైనను తోచును. కాని 2016వ గడియైన 2084 చేరగానే గుఱ్ఱము చిక్కుపడును. అచ్చటినుండి దుమకదగిన 8 గళ్ళును అదివరకే త్రొక్కినవి. 2084 లోపల కనీసము 68 గళ్ళు త్రొక్కకయే మిగిలినవి. నీల్ స్లోన్ 1964లో ఆరంభించిన సంఖ్యాశ్రేణుల సంకలనమున ఈ నడక 2018లో చేరినది.

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచినచో చాలును. సంఖ్యల విషయమున పది మెతుకులును చాలవు, రెండువేలును చాలవు. రాజు నడకకు కారణము దొరికినది, కనుక అది నిశ్చయము. గుఱ్ఱపు నడకకు పోలికయే దొరికినది, కారణము దొరకలేదు, అందుచేతనే మోసపోయితిమి. చదువరి పుస్తకమును అడుగవలసినదియు ఆ కారణమునే.

గ్రంథములో నున్నదని నమ్మి యూరకుండక, ముప్కాల్ బాలబాలికలు వాకిట ముగ్గుపిండితో గళ్ళు వేసి, తొలి పది అడుగులను తామే నడిపి చూతురుగాక.